దిద్దని పేజీ

నాకు నవలలంటే పడదు. బడిలో లెక్కలు చెప్పుకునేదానివి నీకెందుకు పడతాయిలే అని మా చెల్లెలు వెక్కిరించేది. అసలు కారణం అది కాదు. ఊళ్ళో అచ్చయ్యే నవలల్లో సగం మా ముందుగదిలోంచే వెళ్ళేవి. వంటింటి గిన్నెలు తోమేవాళ్ళకి విందుభోజనం మీద ఎంత మోజుంటుందో నాకు నవలల మీద అంత ఉండేది.

నాన్న ప్రూఫులు దిద్దేవాడు. అచ్చాఫీసు నుంచి తడి ఆరని అచ్చుకాగితాలూ, రచయిత చేతిరాత కట్టా కలిసి వచ్చేవి. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, రెండోవాళ్ళు అచ్చుకాగితం మీద కళ్ళు పెట్టి వినాలి. చదివేవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చదవాలి. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. గొంతులో నవ్వూ ఏడుపూ రాకూడదు. వస్తే వినేవాడి మనసు కథ మీదకి పోతుంది, తప్పు జారిపోతుంది. ఇది నాన్న సిద్ధాంతం.

చదివేది చెల్లెలు. ఇంట్లో దాన్ని రేడియో అనేవాళ్ళం. దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. నిద్రలేచిన దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ గొడవలూ, బస్సులో విన్న కబుర్లూ, తనకొచ్చిన కలలూ అన్నీ ప్రసారమయ్యేవి. అదే మనిషి రాతప్రతి చేతిలోకి తీసుకుంటే గొంతు చదునైపోయేది. "నువ్వు లేకపోతే బతకలేను కామా నిజంగా బతకలేను ఫుల్‌స్టాప్ కొటేషన్ క్లోజ్" అని రైలు వేళలు చెప్పినట్టు చదివేది. పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న నాకు నవ్వు ఆగేది కాదు. అమ్మ లేని ఇల్లు మాది. ఉన్న సందడంతా దాని నోటిదే.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు దానికి జ్వరం వచ్చింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఎక్కడా దెబ్బ తగలకుండానే చేతుల మీద నల్లగా కమిలేది. పళ్ళు తోముకుంటే నెత్తురొచ్చేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు దాన్ని లోపల మంచం మీదే పడుకోబెట్టి, నాన్ననీ నన్నూ వరండాలోకి పిలిచాడు.

"రక్తంలో క్యాన్సరండీ. బాగా ముదిరాక తెచ్చారు. ఇక్కడ ఉంచినా మేం చేసేదేమీ లేదు. నీరసం ఎక్కువైనప్పుడు తీసుకొస్తే రక్తం ఎక్కిస్తాం. చలికాలం చూస్తుందని నేను మాటివ్వలేను."

నాన్న గోడకేసి చూశాడు. తర్వాత అడిగిన మాట ఒక్కటే. "పిల్లకి చెప్పకుండా ఉండచ్చా?"

"అది మీ ఇష్టం."

నాన్న నావైపు చూశాడు. నేను తలూపాను. లోపలికి వెళ్ళి దానితో, రక్తం తక్కువగా ఉందట, టానిక్కులు తాగి పడుకోవాలట అని చెప్పాం. "ఇంత హడావిడి చేసి చివరికి టానిక్కా!" అంది మా రేడియో, నిరాశగా.

అంతటితో అయిపోయుంటే బాగుండేది. దానికి పెళ్ళి మాట అయివుంది.

అబ్బాయి కళ్ళద్దాల షాపులో అద్దాలు సానబట్టేవాడు. మా ఇంట్లో అందరం కళ్ళద్దాలబ్బాయి అనేవాళ్ళం. నాన్న కళ్ళద్దాల కాడ వదులైందని చెల్లెలు ఒకసారి ఆ షాపుకి వెళ్ళింది. తర్వాత ఆ కాడ వదులవడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. అతను మాటకారి కాదు. ఏదన్నా అడిగితే అద్దాన్ని వెలుతురుకి పట్టి చూసినంత సేపు ఆలోచించి, ఒక్క ముక్క చెప్పేవాడు. ఇది వాగుతుంటే అతను వింటూ ఉండేవాడు. ఎవరికి కావాల్సింది వాళ్ళకి దొరికిందని నేను అనుకున్నాను. వానలు వెనకబట్టాక పెళ్ళి చేద్దామని పెద్దవాళ్ళం మాట్లాడుకున్నాం కూడా.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే నాన్న ఆ షాపుకి వెళ్ళాడు. పిల్ల మనసు మార్చుకుంది బాబూ, ఇంక ఇంటికి రావద్దు అని అతనితో చెప్పాడు. ఇంటికొచ్చి, వాళ్ళింట్లో వద్దన్నారట అమ్మా, అతను ఎదురు చెప్పలేకపోయాడట అని దీనితో చెప్పాడు.

"ఎందుకిలా చేశావు నాన్నా?" అన్నాను వంటింట్లోకి లాక్కెళ్ళి.

"వాడికి ఇరవై ఆరేళ్ళు. ఎందుకు వాడి బతుకు కూడా..." అని ఆగిపోయాడు. "దీనికి తెలియకుండా ఉండాలంటే వాడికీ తెలియకూడదు. తెలిస్తే వాడి మొహంలో దాగదు."

లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది. నేను నోరు మూసుకున్నాను. చెల్లెలు మాత్రం నాన్న మాట విని, "అలాగా" అంది. తర్వాత పడుకుని గోడవైపు తిరిగింది. ఏడవలేదు, తిట్టలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. మా ఇంట్లో రేడియో ఆగిపోయింది. దాని వాగుడికి తలనొప్పి అని రోజూ విసుక్కున్న నేను ఆ నిశ్శబ్దం భరించలేక బడిలోనే ఎక్కువసేపు కూర్చునేదాన్ని.

అలాంటి సమయంలో ఆ నవల వచ్చింది.

అచ్చాఫీసు మనిషి వానలో ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చాడు. నాన్న గుమ్మంలో నిలబడే మొదటి కాగితాలు తిరగేశాడు. తిరగేస్తూ తిరగేస్తూ నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కథలో ఒక కుర్రాడూ ఒక పిల్లా ప్రేమించుకుంటారు. పిల్లకి రక్తంలో క్యాన్సర్.

"ఇది నువ్వు చదువు పెద్దదానా," అన్నాడు మెల్లగా. "సాయంత్రాలు బడి నుంచి వచ్చాక."

నేను చదివాను. కామాలు మింగేశాను, కొటేషన్లు తెరిచి మూయడం మర్చిపోయాను, పేరా వచ్చిన చోట ఊపిరి కూడా తీసుకోకుండా పరిగెత్తాను. మధ్యగది తలుపు వేసి గుసగుసగా చదువుతుంటే నాన్నకి సగం వినబడేది కాదు. రెండో సాయంత్రం తలుపు తెరుచుకుంది. చెల్లెలు దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది.

"ఏంటక్కా ఆ చదవడం? ఎవరన్నా తరుముతున్నారా? ఎందుకు తలుపేసుకున్నారు, బూతు నవలా?"

"నీకు నీరసం కదా, పడుకో," అన్నాడు నాన్న.

"కూర్చుని చదవడానికి నీరసమేంటి? పడుకుని పడుకుని వీపు వాచిపోయింది. ఇటివ్వు."

వద్దనడానికి కారణం కావాలి. ఉన్న కారణం చెప్పేది కాదు. రాతప్రతి నా చేతిలోంచి దాని చేతిలోకి వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. బడి పేపర్లు ముందేసుకుని, ఒక్కటీ దిద్దకుండా.

అది చదవడం మొదలుపెట్టాక, చిత్రం, దానికి ప్రాణం లేచొచ్చింది. గొంతు సన్నబడింది కానీ ఆ చదును అలాగే ఉంది. పది పంక్తులకోసారి ఆగి వ్యాఖ్యానం చెప్పేది.

"నాన్నా, ఈ పిల్లకి జబ్బొచ్చాక అందం పెరుగుతోంది. పేజీకోసారి మొహం వెలిగిపోతోంది. నా మొహం చూడు, చింకి చాపలా ఉంది. ఇక్కడ ప్రశ్న పెట్టు."

నాన్న వృత్తిలో అదొక నియమం. రచయిత మాట ఎంత తప్పుగా ఉన్నా దిద్దేవాడు ముట్టుకోకూడదు. అచ్చులో పడిన తప్పులే దిద్దాలి. అనుమానముంటే అంచున ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్యాలి. మార్చాలో వద్దో రాసినవాడు చెప్పాలి. నాన్న ముప్పై ఏళ్ళలో ఒకరి వాక్యంలో ఒక్క మాట సొంతంగా కొట్టెయ్యలేదు. ఆ మాట గర్వంగా చెప్పుకునేవాడు.

"పెట్టాను," అన్నాడు తలెత్తకుండా.

"ఇదిగో ఇంకోటి. నాలుగు రోజులు అన్నం సయించని మనిషి మూడంతస్తుల మెట్లెక్కి వెన్నెల చూడ్డానికి వెళ్ళింది. నాకు పెరట్లోకి వెళ్ళొస్తేనే మోకాళ్ళు వణుకుతున్నాయి. ఈయన ఎప్పుడన్నా జ్వరంతో పడుకున్నాడా అసలు? ప్రశ్న పెట్టు."

నవ్వొచ్చేది, నవ్వినందుకు సిగ్గేసేది. నాన్న మాత్రం ప్రశ్నలన్నీ బుద్ధిగా పెట్టుకుంటూ పోయాడు.

నవల సగానికొచ్చింది. ఆ పిల్ల, తను చచ్చిపోతానని ఎవరూ చెప్పకముందే పసిగట్టి, కుర్రాడు బాధపడకూడదని, వేరెవర్నో ప్రేమించానని అబద్ధం చెప్పి అతన్ని వెళ్ళగొడుతుంది. ఆ పేజీ చదువుతూ చెల్లెలు చిరాకుపడింది.

"దీనికేం పోయేకాలం వచ్చింది! ఉన్న నాలుగు రోజులు వాడితో ఉండొచ్చుగా?" అంది. తను అన్న మాట తనకే వినబడి ఫక్కున నవ్వింది. "వచ్చింది పాపం, అదేగా కథ."

నాన్న నవ్వలేదు. "తర్వాత పేజీ," అన్నాడు.

తర్వాత పేజీ చదివింది. ఎప్పటిలాగే.

"డాక్టరు తలుపు దగ్గరగా వేశాడు ఫుల్‌స్టాప్ కొటేషన్ ఓపెన్ మీ అమ్మాయికి ఇక ఎన్నో రోజులు లేవు ఫుల్‌స్టాప్ కొటేషన్ క్లోజ్ అన్నాడు ఫుల్‌స్టాప్ తండ్రి గోడకు ఆనుకున్నాడు ఫుల్‌స్టాప్ కొటేషన్ ఓపెన్ పిల్లకు తెలియనివ్వకండి ఫుల్‌స్టాప్ కొటేషన్ క్లోజ్ అన్నాడు తండ్రి ఫుల్‌స్టాప్ పేరా తండ్రి మొహం తుడుచుకుని కామా లేని నవ్వు తెచ్చిపెట్టుకుని కామా గదిలోకి వచ్చాడు ఫుల్‌స్టాప్"

పేజీ అయ్యేదాకా చదివింది. బయట వాన పడుతోంది. అలవాటు ప్రకారం, చదవడం అయ్యాక నాన్న దిద్దిన కాగితం తీసుకుని ఒకసారి పైనుంచి కిందకి చూసింది. చూస్తూ మధ్యలో ఆగింది.

"నాన్నా, ‘పిల్లకు తెలియనివ్వకండి, అన్నాడు తండ్రి’ రెండుసార్లు పడింది. ఒకదాని కింద ఒకటి. నువ్వు కొట్టెయ్యలేదు."

నాన్న కట్టలోంచి తర్వాత కాగితం తీశాడు.

"ఈ పేజీలో నువ్వు అసలేం పెట్టలేదు. కింద పేజీ నంబరు కూడా తలకిందులుగా ఉంది."

నాన్న కాగితం కోసం చెయ్యి చాచాడు. చెల్లెలు కాగితం ఇవ్వలేదు. నాన్న మొహంలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. నేను పేపర్ల మీదకి వంగాను, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

అది నాన్న కలం తీసుకుని, రెండోసారి పడిన పంక్తిని తనే కొట్టేసింది. పేజీ నంబరు చుట్టూ సున్నా చుట్టి అంచున గుర్తు పెట్టింది. అన్నీ సరిగ్గా పెట్టి, కాగితం కట్ట మీద ఉంచింది.

"సరే. తర్వాతది చదవనా?" అంది.

"వద్దమ్మా," అన్నాడు నాన్న.

"నాకూ చదవాలని లేదులే." కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "అతన్ని కూడా నువ్వే పంపేశావా?"

నాన్న తలూపాడు.

"నాకోసమా? అతనికోసమా?"

"తెలీదమ్మా. అప్పుడు తెలుసనుకున్నాను."

అప్పుడు దానికి కోపం వచ్చింది. చావు సంగతి విన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. మొహం ఎర్రబడేంత రక్తం కూడా దానికి లేదు, పెదాలు మాత్రం వణికాయి.

"ఎవడో ముక్కూమొహం తెలియనివాడు రాసిన పిచ్చి వాక్యాన్ని కూడా నువ్వు ముట్టుకోవు కదా నాన్నా. ప్రశ్న పెట్టి అడుగుతావు. నన్నెందుకు అడగలేదు? నా మాట నువ్వెలా కొట్టేశావు?"

ఆ ప్రశ్న నాక్కూడా. ఆసుపత్రి వరండాలో తలూపిన తల నాది కూడా.

"అతన్ని పిలవండి," అంది. "సంగతి మొత్తం చెప్పి పిలవండి. వస్తే వస్తాడు, రాకపోతే మానేస్తాడు. అది అతని ఇష్టం. మీది కాదు."

మర్నాడు బడికి సెలవు పెట్టి షాపుకి వెళ్ళాను. ముందు భాగంలో అద్దాల అరలు, వెనక చిన్న గది. ఆ గదిలో చక్రం తిరుగుతూ, దాని మీద నీటిచుక్కలు పడుతూ ఉన్నాయి. అతను అద్దాన్ని చక్రానికి ఆనించి పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు కానీ పలకరించలేదు. అలిగే హక్కు అతనికి ఉంది.

నేను మెలికలు తిప్పకుండా చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. డాక్టరు మాట చెప్పాను. నాన్న రెండువైపులా ఆడిన అబద్ధం చెప్పాను. అది పిలుస్తోందని చెప్పాను.

అతను చక్రం ఆపాడు. చేతిలో ఉన్న అద్దం తుడిచి, కాగితంలో చుట్టి, గిరాకీ పేరు రాసున్న డబ్బాలో పెట్టాడు. చేతులకి అంటిన తెల్లటి పొడి కడుక్కున్నాడు. అన్నీ అయ్యాక అడిగాడు.

"నొప్పి ఎక్కువగా ఉంటోందా అక్కా?"

"ఎముకల్లో ఉంటోంది. పైకి చెప్పదు."

"సరే," అన్నాడు. అంతే. నేను గొడుగు తీసుకుని బయటికొచ్చాను. సాయంత్రం వస్తాడనుకున్నాను.

రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ వారమంతా రాలేదు. చెల్లెలు పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, ఓపిక లేకపోయినా తల దువ్వించుకుని, ముందుగదిలో కుర్చీలో కూర్చునేది. వీధి గేటు చప్పుడైతే చాలు, అటు చూసేది. పాలవాడు, పక్కింటావిడ, అచ్చాఫీసు మనిషి. ఒక్కొక్క చప్పుడుకీ నాకు ఒళ్ళు మండేది. సానబట్టేవాడికి అద్దాలే గానీ మనుషులెక్కడ కనబడతారు అని తిట్టుకున్నాను. నాన్న అయితే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. నేననుకున్నట్టే అయిందని ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఆ రోజుల్లోనే ఆ నవల రాసిన పెద్దమనిషి వచ్చాడు. ప్రూఫులు ఆలస్యమవుతున్నాయని అడగడానికి. బొద్దుగా, నవ్వుమొహంతో, తడిసిన ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని. పన్నుల ఆఫీసులో ఉద్యోగమట. ప్రశ్నలు పెట్టిన కాగితాలు నాన్న ఆయన ముందు పెడితే చూసి పకపకా నవ్వాడు.

"ఇన్ని ప్రశ్నలు మా పై అధికారి కూడా వెయ్యలేదండీ! నిజం చెప్పాలంటే నేనెవర్నీ చూసి రాయలేదు. అంతా ఊహే."

"తెలుస్తోంది లెండి," అంది చెల్లెలు కుర్చీలోంచి. "ఒకటడుగుతాను. కబురు తెలియగానే మీ హీరో పరిగెత్తుకొస్తాడనుకుంటా. నిజంగా అలా వచ్చేస్తారా?"

ఆయనకి మా సంగతి తెలియదు. ఉత్సాహంగా కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ప్రేమంటూ నిజమైతే వస్తాడమ్మా. క్షణం ఆగడు. ఆగాడంటే అది ప్రేమ కాదన్నట్టే."

చెల్లెలు తలూపి కిటికీవైపు తిరిగింది. నాకు ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి గెంటాలనిపించింది. టీ కప్పు ఆయన ముందుకి విసురుగా చాచితే సాసర్లో ఒలికింది. ఆయన ఆ టీ అందుకుంటూ చెల్లెలి చేతుల మీది నల్లటి మచ్చలు చూశాడు. మళ్ళీ చూశాడు. మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. టీ తాగకుండానే లేచాడు. గుమ్మం దాకా నేను వెళితే, "ఆ ప్రశ్నలు ఈ అమ్మాయివా?" అన్నాడు. అవునన్నాను. "తొందరేం లేదని చెప్పండి. ఎన్నాళ్ళు పట్టినా సరే," అని, మడిచిన ప్యాంటు అలాగే ఉండగా వానలోకి దిగాడు.

కళ్ళద్దాలబ్బాయి ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. పరిగెత్తుకుంటూ రాలేదు, తడుస్తూ రాలేదు. గొడుగేసుకుని వచ్చి, గొడుగు దులిపి గుమ్మం పక్కన ఆరబెట్టి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి నిలబడ్డాడు. నాన్న లేచి నిలబడ్డాడు. నేను నిలబడే ఉన్నాను. అది మాత్రం కూర్చునే ఉంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అంది.

అతను ఎప్పటిలాగే చాలాసేపు ఆలోచించాడు.

"భయమేసింది. వీధి చివరిదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయాను. నిన్న గేటు దాకా వచ్చాను."

నాకు తల కొట్టేసినట్టైంది. ఇంతోటి మాట చెప్పడానికా వచ్చింది అనుకున్నాను. చెల్లెలి మొహం చూస్తే, ఆ వానాకాలం మొత్తంలో చూడని తేట కనబడింది.

"నాక్కూడా భయంగానే ఉంది," అంది. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కూర్చో."

"ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

"నీకెప్పుడు తెలుసు గనక? మాట్లాడటం నా పని. నువ్వు కూర్చో."

అతను కూర్చున్నాడు. అది మా ముగ్గురివైపూ తిరిగి, "ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ తియ్యటి అబద్ధాలు చెప్పొద్దు. నాకు విసుగొచ్చింది," అంది. బడిలో పిల్లలకి నేను చెప్పినంత కచ్చితంగా. నాన్న "సరేనమ్మా" అన్నాడు. ఆ సరే అనడంలో ఆయన భుజాల మీంచి ఏదో దిగిపోవడం నేను చూశాను.

అప్పటినుంచి రోజూ షాపు తెరిచే ముందు ఒకసారి, మూశాక ఒకసారి వచ్చేవాడు. మా రేడియో మళ్ళీ పలికింది. గొంతు సన్నగా, మధ్యమధ్య ఆగుతూ, కానీ పలికింది. షాపుకొచ్చిన వాళ్ళ గురించి అడిగి చెప్పించుకునేది. అతను ఒక్క ముక్క చెబితే దాన్ని పది ముక్కలు చేసి మళ్ళీ మాకు చెప్పేది. పెళ్ళి చేసుకుందామని అతను అడిగాడు కూడా. "రిజిస్ట్రారాఫీసు మేడ మీద ఉంది. ఆ మెట్లు ఎవడెక్కుతాడు? ఇలా బాగానే ఉంది," అంది. నొప్పి వచ్చినప్పుడు మాత్రం మాటలు ఆపి అతని చెయ్యి పట్టుకునేది. నొప్పిగా ఉందని పైకి చెప్పడం కూడా నేర్చుకుంది. ఉందా అని అడిగితే ఉందనేది. చచ్చిపోతే ఏమవుతుంది నాన్నా అని ఒకరోజు అడిగింది. నాకు తెలీదమ్మా అన్నాడు నాన్న. ఇద్దరూ దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు, మామూలు విషయంలా. అవతల వంటింట్లో నేను ఏడ్చాను. కానీ ఆ ఏడుపు, అంతకుముందు దాచుకుని ఏడ్చిన ఏడుపు కంటే నయం.

నవల మాత్రం పూర్తి కాలేదు. చదవడానికి ఊపిరి చాలడం లేదు. మిగిలిన కట్ట వెనక్కిచ్చెయ్యమంది. "దీని చివర ఏమవుతుందో నాకు తెలుసులే. ఇంకెవరైనా చూసుకుంటారు." నాన్న కట్ట కట్టి అచ్చాఫీసుకి పంపేశాడు. సగంలో పని వదిలెయ్యడం ఆయన జీవితంలో అదొక్కసారే.

వానలు తగ్గాయి. ఒకరోజు పొద్దున ఎండ కూడా వచ్చింది. అతను ఎప్పటిలాగే షాపుకి వెళ్ళే ముందు వచ్చి, దాని మంచం పక్కన కూర్చుని వెళ్ళాడు. అతను వెళ్ళాక అది నిద్రపోయింది. నేను పాలు కాచి తెచ్చి, నిద్రపోతోంది కదా అని మూతపెట్టి వెళ్ళాను. నాన్న దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మధ్యాహ్నం అవుతుండగా ఊపిరి చప్పుడు మారిందని నన్ను పిలిచాడు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకున్నాం. అది కళ్ళు తెరవలేదు. కాసేపటికి ఊపిరి ఆగిపోయింది. అంతే. అంత వాగే మనిషి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

షాపుకి కబురు పంపితే, అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

అన్నీ అయిపోయాక, వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక, ముందుగదిలో ముగ్గురం మిగిలాం. నాన్న కుర్చీలో, నేను గుమ్మానికి ఆనుకుని, అతను కింద గోడకి జారగిలబడి. అతను తలెత్తకుండా అడిగాడు.

"అక్కా, పొద్దున నేను వెళ్ళాక... ఏమన్నా అందా?"

నా నోటిదాకా మాట వచ్చేసింది. నిన్నే తలుచుకుంది, నీ పేరే పిలిచింది. ఒక్క వాక్యం చాలు, అతను జన్మంతా దాన్ని పట్టుకుని బతుకుతాడు. నవలలంటే పడని నేను, నిమిషంలో ఒక నవలంత అల్లేశాను. చెప్పడానికి నోరు తెరిచాను.

"లేదు బాబూ," అన్నాడు నాన్న.

అతను తలెత్తాడు.

"ఏమీ అనలేదు. నువ్వు వెళ్ళాక నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు. మాతో కూడా ఏమీ అనలేదు."

నాకు నాన్న మీద కోపం ముంచుకొచ్చింది. దాచాల్సినవీ దాచకూడనివీ ఈ మనిషికి ఎప్పటికీ తెలియవా అనిపించింది. అతను నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నుదురు ముడిపడింది. తర్వాత మెల్లగా అన్నాడు.

"అయితే నాతో అన్నదే ఆఖరి మాటా?"

"ఆ," అన్నాడు నాన్న. "నీతో అన్నదే."

"ఏమంది?" అన్నాను నేను. అడగకుండా ఉండలేకపోయాను.

"గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది. చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నావు, షాపులో నవ్వుతారు, సరిచేసుకో అంది."

నాన్న కళ్ళద్దాలు తీసేశాడు. తుడుచుకోలేదు, ఊరికే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"సరిచేసుకున్నావా?"

"చేసుకున్నానండి. అక్కడే నిలబడి, తను చూస్తుండగానే. పైనుంచి కిందదాకా అన్నీ విప్పి పెట్టుకున్నాను. ఇప్పుడు బాగుందన్నట్టు తలూపింది."

నాన్న కుర్చీలోంచి దిగి, కింద అతని పక్కన కూర్చున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, మా ఇద్దరి ముందూ, దాచుకోకుండా గట్టిగా ఏడ్చాడు.